చర్చి తాళం ఎవరి చేతిలో?
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. 1935లో అమెరికా నుంచి నలుగురు నల్లజాతి క్రైస్తవులు సిలోను, భారతదేశం చూడటానికి ఓడెక్కి వచ్చారు. క్రైస్తవ బోధకుడు హోవర్డ్ థర్మన్, ఆయన భార్య స్యూ బెయిలీ థర్మన్, కారల్ దంపతులు. కొలంబో లా కాలేజీలో థర్మన్ ఉపన్యాసం అయ్యాక ఒక హిందూ న్యాయవాది ఆయన్ని నిలదీశాడు. మీ వాళ్ళను ఆఫ్రికా నుంచి ఎత్తుకొచ్చి అమ్మింది క్రైస్తవులు, బానిసల్ని మోసిన ఓడల్లో ఒకదాని పేరే జీసస్, చంపి చెట్లకు వేలాడదీస్తున్నదీ ఆదివారం చర్చికి పోయేవాళ్ళే, మరి అదే మతాన్ని నెత్తిన పెట్టుకుని మీరిక్కడ ఏం చేస్తున్నారు, ఇది రంగున్న జనాలందరికీ ద్రోహం కాదా అన్నాడు. కొన్ని నెలల తర్వాత, 1936 ఫిబ్రవరిలో, బార్డోలీలో గాంధీ కూడా దాదాపు ఇదే అడిగాడు. బానిసలుగా ఉన్నవాళ్ళు ఇస్లాంలోకి ఎందుకు పోలేదని.

ఇది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. నల్లవారి మతం గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది దీనికి పాటలతో, కన్నీళ్ళతో జవాబు చెబుతారు. పాటలు గొప్పవే. కాని వాటి దగ్గరే ఆగిపోతే అసలు సంగతి తప్పిపోతుంది. నేనివాళ దస్తావేజుల గురించి, నెలచందాల గురించి, తాళంచెవుల గురించి మాట్లాడతాను. ఎందుకంటే అమెరికాలో నల్లవారు తమ విశ్వాసాన్ని తమదిగా చేసుకున్నది అక్కడే. స్థలం ఎవరి పేరున ఉంది, ప్రసంగ వేదిక ఎవరు ఎక్కాలి, ఏ వచనం చదవాలి, ఏది చదవకూడదు అన్న తగువుల్లో.

ముందు చట్టం సంగతి. బానిస బాప్తిస్మం తీసుకుంటే సాటి క్రైస్తవుడైపోతాడు, సాటి క్రైస్తవుణ్ణి బానిసగా ఉంచుకోవచ్చా అన్న అనుమానం తొలినాళ్ళలో యజమానులకు ఉండేది. 1667లో వర్జీనియా శాసనసభ ఆ అనుమానం తీర్చేసింది. బాప్తిస్మం వల్ల మనిషి బానిసత్వం మారదని చట్టం రాసింది. ఆత్మకు విడుదల ఉండొచ్చు, ఒంటికి మాత్రం లేదన్నమాట. మనవాళ్ళు ఇక్కడొకటి గమనించాలి. మన దేశంలో 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దీనికి అద్దంలో బొమ్మలాంటిది. అక్కడ మతం మారినా హోదా మారదన్నారు. ఇక్కడ మతం మారితే షెడ్యూల్డు కులం హోదా పోతుందన్నారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరణలు వచ్చాయి కాని, క్రైస్తవులైన మాల మాదిగలకు, ముస్లిములకు రాలేదు. రెండు చోట్లా మనిషి నమ్మకానికి ఎంత విలువ ఉండాలో తేల్చింది నమ్మినవాడు కాదు.

చట్టం తర్వాత పుస్తకం. 1807లో లండన్‌లో వెస్టిండీస్ బానిసల కోసమని ఒక బైబిలు అచ్చువేశారు. మామూలు ప్రొటెస్టెంటు బైబిల్లో 1,189 అధ్యాయాలుంటాయి. ఇందులో 232 మిగిలాయి. యోసేపును అన్నలు అమ్మేయడం, అతను నమ్మకంగా చాకిరీ చేయడం ఉంచారు. నిర్గమకాండంలో మోషే జనాన్ని ఐగుప్తు దాటించిన భాగం తీసేశారు. పది ఆజ్ఞలు ఉంచారు. అంటే ఐగుప్తు రాజు ఫరోను ధిక్కరించడం కనబడకూడదు, దొంగిలవద్దన్న మాట కనబడాలి. కత్తిరించినవాడికి ఆ పుస్తకం బాగా తెలుసని ఒప్పుకోవాలి. ఎక్కడ నిప్పుందో సరిగ్గా అక్కడే కోశాడు.

కాని కత్తెర రెండువైపుల నుంచీ నడిచింది. థర్మన్ అమ్మమ్మ నాన్సీ ఆంబ్రోస్ ఫ్లోరిడాలో బానిసగా పుట్టింది. ఆమెకు చదువు రాదు. మనవడు వారానికి రెండు మూడుసార్లు బైబిలు చదివి వినిపించేవాడు. కీర్తనలు చదవమనేది, యెషయా చదవమనేది, సువార్తలు పదేపదే చదివించుకునేది. పౌలు పత్రికలు, అంటే అపొస్తలుడు పౌలు తొలి సంఘాలకు రాసిన ఉత్తరాలు, మాత్రం చదవనిచ్చేది కాదు. ఎప్పుడైనా ఒకసారి కొరింథీయుల మొదటి పత్రిక 13వ అధ్యాయం, ప్రేమ గురించిన అధ్యాయం, అంతే. పెద్దయ్యాక మనవడు కారణమడిగాడు. యజమాని బానిసలకు వాక్యం చెప్పడానికి తెల్ల బోధకుణ్ణి పిలిపించేవాడట. ఆయన ఏడాదికి మూడు నాలుగుసార్లు పౌలు మాటే ఎత్తుకునేవాడు, దాసులారా మీ యజమానులకు లోబడండి అని. నాకు స్వేచ్ఛ వచ్చి, చదువంటూ వస్తే ఆ భాగం చదవనని అప్పుడే దేవుడికి మాటిచ్చానంది ఆమె. అక్షరం రాని మనిషి బైబిల్లో ఏది తనకు దేవుడి మాటో, ఏది యజమాని మాటో విడదీసుకుంది. ఆమె దగ్గర ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. అప్పుడప్పుడు పక్క తోట నుంచి బానిస బోధకుడొకడు వచ్చేవాడు. ప్రసంగం చివర ఆగి, ఎదురుగా కూర్చున్న ఒక్కొక్కరి మొహంలోకి చూసి, మీరు బానిసలు కారు, దేవుడి బిడ్డలు అనేవాడు. కొలంబో న్యాయవాదికి జవాబు చాలావరకు ఇక్కడే ఉంది. యజమాని ఇచ్చిన మతం ఒకటి, దాని కిందే బానిసలు కట్టుకున్న మతం ఇంకొకటి. పుస్తకం పేరు ఒకటే అయినంత మాత్రాన రెండూ ఒకటి కావు.

పౌలు అన్నాను కనుక మన ఒంగోలు సంగతి చెప్పకుండా ఉండలేను. అమెరికన్ బాప్టిస్టులు బానిసత్వం తగువు మీద 1845లో ఉత్తరం, దక్షిణం అని చీలిపోయారు. మన నెల్లూరు, ఒంగోలు మిషన్లు ఆ ఉత్తరపు కొమ్మవి. 1866లో అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ పెద్దలు జనాన్ని వెంటబెట్టుకుని రాసాగేసరికి పై కులాలవాళ్ళు, వీళ్ళను చేర్చుకుంటే మేం రామన్నారు. దొర తన గదిలో, దొరసాని తన గదిలో విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు వచ్చిందని క్లౌ చెప్పుకున్నాడు. కొరింథీయుల మొదటి పత్రిక, 1వ అధ్యాయం, లోకంలో నీచులైనవారిని, తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం. అదీ పౌలు రాసిందే. ఫ్లోరిడాలో అమ్మమ్మ మూయించింది పౌలునే, ఒంగోలులో మాదిగలకు తలుపు తీసిందీ పౌలే. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఇప్పుడు ఫిలడెల్ఫియాకు పోదాం. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే సంస్థ కట్టడమంటే ఏమిటో, ఎక్కడ దెబ్బతింటుందో ఇంత విడమరిచి చూపే ఉదాహరణ నాకు ఇంకొకటి కనబడలేదు.

రిచర్డ్ అలెన్ 1760లో బానిసగా పుట్టాడు. డెలవేర్‌లో యజమానికి 2,000 కాంటినెంటల్ డాలర్లు, కాయకష్టంతో సంపాదించి కట్టి తనను తాను కొనుక్కున్నాడు. కట్టెలు కొట్టాడు, ఇటుకలు చేశాడు, ఉప్పు బండి తోలాడు. ఫిలడెల్ఫియా చేరి సెయింట్ జార్జ్ మెథడిస్టు చర్చిలో తెల్లవారకముందే నల్లవాళ్ళకు వాక్యం చెప్పేవాడు. 1787 ఏప్రిల్ 12న ఆయన, అబ్సలోమ్ జోన్స్ కలిసి ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ పెట్టారు. ముందు పుట్టింది చర్చి కాదు, చందా సంఘం. ఇది ముఖ్యం.

దాని నిబంధనలు చూడండి. నెలకు మనిషికి ఒక వెండి షిల్లింగు చందా. ఏడాది కట్టాక, ఎవరికైనా కష్టమొస్తే వారానికి 3 షిల్లింగుల 9 పెన్నీలు ఇస్తారు. షిల్లింగుకు 12 పెన్నీలు కనుక, ఒక వారం సాయం దాదాపు నాలుగు నెలల చందాతో సమానం. ఏడాది చందా మొత్తం కలిపినా ఒక మనిషికి మూడు వారాలు దాటి రాదు. అంటే పదిమంది ఒకేసారి మంచం పడితే పెట్టె ఖాళీ. అందుకే షరతులు గట్టిగా పెట్టారు. తాగుబోతును చేర్చుకోరు. కష్టం వాడు చేతులారా తెచ్చుకున్నదైతే సాయం లేదు. మూడు నెలలు చందా ఎగవేస్తే ఇద్దరు సభ్యులు ఇంటికెళ్ళి చెబుతారు, సరైన కారణం లేకుండా తర్వాతి సమావేశానికీ కట్టకపోతే పేరు కొట్టేస్తారు. సభ్యుడు పోతే భార్యకు సాయం, పిల్లలకు చదువు. మన డ్వాక్రా సంఘాల పుస్తకాలు రాసినవాళ్ళకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. ఇంకో నిబంధన ఉంది. గుమాస్తా, కోశాధికారి ఎప్పుడూ ఒక క్వేకరు, అంటే ఆ పేరున్న క్రైస్తవ శాఖకు చెందిన తెల్లవాడు, అయి ఉండాలని. డబ్బు దగ్గర ఇంకా తమ మీద తమకు ధీమా రాలేదనో, బయట నమ్మరనో పెట్టుకుని ఉంటారని నా ఊహ. ఆ ధీమా తర్వాతి ముప్పై ఏళ్ళలో దెబ్బ మీద దెబ్బ తిని వచ్చింది.

సెయింట్ జార్జ్‌లో జరిగింది చాలామందికి తెలుసు. కొత్తగా మేడ కట్టారు. దానికి నల్లవాళ్ళూ డబ్బిచ్చారు, నేల పరచడానికి చెమటోడ్చారు. ఒక ఆదివారం వాళ్ళు మేడ మీద మోకరించి ప్రార్థిస్తుంటే ధర్మకర్త ఒకడు వచ్చి, ఇక్కడ ఉండకూడదంటూ అబ్సలోమ్ జోన్స్‌ను రెక్కపట్టి లేపబోయాడు. ప్రార్థన అయ్యేదాకా ఆగండి అన్నాడు జోన్స్. అతను ఆగలేదు, ఇంకొకణ్ణి పిలిచాడు. ప్రార్థన ముగిసింది. నల్లవాళ్ళంతా ఒక్కుమ్మడిగా లేచి బయటికి నడిచారు. ఇది 1787లోనా, ఆ తర్వాత కొన్నేళ్ళకా అన్న దాని మీద చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. జోన్స్ బృందం ఎపిస్కోపల్ శాఖలో చేరింది. అలెన్ మాత్రం మెథడిస్టుగానే ఉంటానన్నాడు. తెల్ల మెథడిస్టుల మీద మోజుతో కాదు. చదువురాని జనానికి సూటిగా, కాగితం చూడకుండా చెప్పే ప్రసంగమే ఎక్కుతుందని ఆయన లెక్క. సిక్స్త్ స్ట్రీట్‌లో 1791లో కొన్న స్థలం ఆయన దగ్గరే ఉంది. 1794లో ఒక పాత కమ్మరి కొట్టు కొని, దాన్ని గుర్రాలతో ఆ స్థలంలోకి లాగించి, వడ్రంగులను పెట్టి చర్చిగా మార్చాడు. పేరు బేతేలు.

ఇక్కడినుంచి అసలు కథ. 1796లో బేతేలును చట్టబద్ధంగా రిజిస్టరు చేయించాలి. లాయరుకు డబ్బు దండగ ఎందుకు, నేను రాసిపెడతానని తెల్ల మెథడిస్టు పెద్ద ఒకాయన ముందుకొచ్చాడు. వీళ్ళు నమ్మి సంతకాలు పెట్టారు. పదేళ్ళు ఏ గొడవా లేదు. తర్వాత వేరే పెద్ద వచ్చి, చర్చి తాళంచెవులు, పుస్తకాలు నాకు అప్పజెప్పండి, నా అనుమతి లేకుండా సమావేశం జరగడానికి వీల్లేదన్నాడు. స్థలం మాది, కట్టింది మేమన్నారు వీళ్ళు. కాదు, కాన్ఫరెన్సుది, అంటే మెథడిస్టుల పాలకమండలిది అన్నాడాయన. లాయరు దగ్గరికి పరుగెత్తి కాగితం చదివించుకుంటే నిజం బయటపడింది. వాళ్ళు సంతకం పెట్టిన రాత ప్రకారం ఆస్తి తెల్లవారి కాన్ఫరెన్సుది. లాయరు ఫీజు మిగుల్చుకోబోయి చర్చి పోగొట్టుకున్నారు. మిషన్ కాంపౌండు స్థలాల కేసుల్లో మన దగ్గర కోర్టుల చుట్టూ తిరిగిన సంఘాలకు ఈ నొప్పి కొత్త కాదు. దొరలు పోయాక స్థలం సంఘానిదా, దూరాన ఎక్కడో ఉన్న సొసైటీదా అన్న తగువు ఇదే రకం.

దారేమిటని అడిగితే, సభ్యుల్లో మూడింట రెండు వంతులు ఒప్పుకుంటే సవరించుకోవచ్చన్నాడు లాయరు. అలెన్ సంఘం మొత్తాన్ని కూర్చోబెట్టి విషయం వాళ్ళముందు పెట్టాడు. ఆడవాళ్ళు, మగవాళ్ళు అందరూ ఏకగ్రీవంగా ఔనన్నారు. ఆడవాళ్ళూ అన్న మాట అలెన్ స్వయంగా రాసుకున్నాడు. ఆ కాలంలో తెల్ల ఆడవాళ్ళకు కూడా ఓటు లేని నగరంలో అది చిన్న సంగతి కాదు. అలా 1807లో సవరణ వచ్చింది. దాన్ని ఆఫ్రికన్ సప్లిమెంట్ అంటారు. దాంతో ఆస్తి మీద, వేదిక మీద పెత్తనం నల్ల ధర్మకర్తలకు దక్కింది.

తెల్ల పెద్దలు ఊరుకోలేదు. మా బోధకులు వచ్చి ప్రసంగించాలంటే ఏడాదికి 600 డాలర్లు కట్టమన్నారు. బేరం చివరికి 200కు దిగింది. డబ్బు తీసుకున్నవాళ్ళు ఏడాదిలో వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని సార్లు వచ్చారు. సంఘం చెల్లింపు ఆపేసింది. 1815 జూన్‌లో ఇంకో దావా వల్ల షెరీఫు బేతేలును వేలం వేశాడు. అలెన్ 10,125 డాలర్లకు పాడి, తన స్థలంలో తాను నిలబెట్టిన చర్చిని తానే మళ్ళీ కొన్నాడు. ఆ ఏడాది చివర ఒక తెల్ల బోధకుడు బలవంతంగా ప్రసంగించబోతే, సంఘం జనం లేచి నడవాలన్నీ నింపేశారు. చేయి చేసుకోలేదు. వేదిక దాకా దారి వదల్లేదు, అంతే. ఆయన పెన్సిల్వేనియా సుప్రీంకోర్టుకు పోయాడు. 1816 జనవరిలో కోర్టు బేతేలు పక్షాన తీర్పిచ్చింది. ఏప్రిల్‌లో బాల్టిమోర్ వగైరా ఊళ్ళ నల్ల సంఘాల ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో కూడి ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చిని, పొట్టిగా ఏఎంఈని, నిలబెట్టారు. అలెన్ మొదటి బిషప్. పేరులో ఆఫ్రికన్ అన్నది ఒక్కటే కొత్తది, సిద్ధాంతమంతా మెథడిస్టుదే. విడిపోయింది దేవుడి గురించి కాదు, తాళంచెవి గురించి.

ఇంత గట్టిగా తాళం సంపాదించినవాళ్ళు దాన్ని అందరితో పంచుకున్నారా? లేదు. జరీనా లీ అన్న ఆమె, నాకు ప్రసంగించమని పిలుపు వచ్చిందంటూ అలెన్ దగ్గరికి వెళ్ళింది. ఆడవాళ్ళు ప్రసంగించడం మన నియమావళిలో లేదన్నాడు అలెన్. ఎనిమిదేళ్ళ తర్వాత, 1819లో, బేతేలులోనే ఒక బోధకుడు యోనా గురించి, అంటే దేవుడి పిలుపు వదిలి పారిపోయిన ప్రవక్త గురించి, చెబుతూ మధ్యలో తడబడ్డాడు. లీ కూర్చున్నచోటే లేచి అందుకుంది. యోనాలాగే నేనూ ఎనిమిదేళ్ళు ఆగిపోయానంటూ అనర్గళంగా మాట్లాడి, గెంటేస్తారేమోనని భయపడుతూ కూర్చుంది. అలెన్ లేచి, ఈమె అప్పుడే నన్నడిగింది, పిలుపు నిజమేనని ఇప్పుడు నమ్ముతున్నానన్నాడు. 1827 ఒక్క ఏడాదిలోనే లీ 2,325 మైళ్ళు తిరిగి 178 ప్రసంగాలు చేసింది. అయినా ఆ చర్చిలో ఆడవాళ్ళకు అభిషేకం దొరకడానికి 1948 దాకా, ఒక మహిళ, వాష్టీ మెకెంజీ, బిషప్ కావడానికి 2000 దాకా పట్టింది. తెల్లవాడి పెత్తనాన్ని సహించని సంస్థ మగవాడి పెత్తనాన్ని ఇంకో నూట ఎనభై ఏళ్ళు మోసింది. దీన్ని దాచి నల్లవారి చర్చిని పొగిడితే అది సగం నిజమే అవుతుంది.

దక్షిణాన పరిస్థితి వేరు. చార్లెస్టన్‌లో ఏఎంఈ సంఘం, ఇప్పుడు ఇమ్మానుయేలు అంటున్న సంఘం, 1810ల చివర మొదలైంది. 1822లో డెన్మార్క్ వెసీ తిరుగుబాటు పన్నాడన్న ఆరోపణ మీద అతనితో కలిపి 35 మందిని ఉరితీశారు. చర్చి కట్టడాన్ని కూల్చేశారు. వెసీ ఆ సంఘం సభ్యుడు, నిర్గమకాండం చదివి వినిపించేవాడు. 1807 నాటి కత్తెర ఎందుకు పడిందో ఇక్కడ అర్థమవుతుంది. 1865 దాకా అక్కడి నల్లవాళ్ళు దాక్కుని కూడారు. అంతర్యుద్ధం ముగియగానే మళ్ళీ కట్టుకున్నారు. 2015 జూన్ 17, బుధవారం సాయంత్రం బైబిలు అధ్యయనానికి వచ్చిన తెల్ల కుర్రాణ్ణి అదే సంఘం పక్కన కూర్చోబెట్టుకుంది. వాడు సుమారు గంటసేపు కూర్చుని, అందరూ కళ్ళుమూసుకుని ప్రార్థిస్తుండగా తుపాకి తీసి తొమ్మిదిమందిని చంపాడు. కొత్తవాణ్ణి లోపలికి రానివ్వడం ఆ విశ్వాసంలో భాగం. దాన్నే దారిగా వాడుకున్నాడు.

ఇస్లాం సంగతి. గాంధీ అడిగినప్పటికే అమెరికాలో దానికి జవాబు మొదలైపోయింది. అసలు బానిసలుగా వెళ్ళినవాళ్ళలోనే ముస్లింలున్నారు. ఉత్తర కరోలినాలో బానిసగా ఉన్న ఒమర్ ఇబ్న్ సయీద్ 1831లో తన జీవితాన్ని అరబ్బీలో రాసుకున్నాడు. 1910 నుంచి 1970 వరకు అరవై లక్షల మంది నల్లవాళ్ళు దక్షిణం వదిలి షికాగో, డెట్రాయిట్, న్యూయార్క్ వంటి నగరాలకు పోయారు. ఊరి చర్చి ఊళ్ళోనే ఉండిపోయింది. నగరంలో పెద్ద చర్చిలు వీళ్ళ యాసను, కేకలను చిన్నచూపు చూశాయి. ఖాళీ దుకాణాలు అద్దెకు తీసుకుని కుర్చీలు వేసుకుని కొత్త సంఘాలు పుట్టాయి. ఆ గందరగోళంలోకి ముస్లిం బోధకులూ వచ్చారు. 1920లో పంజాబులోని ఖాదియాన్ నుంచి అహ్మదీయ బోధకుడు ముఫ్తీ ముహమ్మద్ సాదిక్ అమెరికాలో అడుగుపెట్టి, తర్వాత షికాగోలో కుదురుకున్నాడు. ఆయన మాట విన్నవాళ్ళలో నల్లవాళ్ళే ఎక్కువ. 1930లో డెట్రాయిట్‌లో నేషన్ ఆఫ్ ఇస్లాం అన్న నల్లవారి సంస్థ మొదలైంది.

ఆ సంస్థ ఇంటిపేరును ఎలా పట్టుకుందో చూడండి. నల్లవారి ఇంటిపేర్లు చాలావరకు ఒకప్పటి యజమానులవి. చేరదలచినవాడు నిర్ణీతమైన ఒక ఉత్తరాన్ని చేత్తో అక్షరం తప్పకుండా ఎత్తిరాసి షికాగోకు పంపాలి. తప్పుంటే తిరిగొస్తుంది, మళ్ళీ రాయాలి. సరిగా ఉంటే ఇంటిపేరు స్థానంలో ఎక్స్ ఇస్తారు. అసలు పేరు తెలియదని ఆ గుర్తు. ఒకే ఆలయంలో అదే పేరుతో ఇంకొకడుంటే రెండోవాడు 2ఎక్స్, మూడోవాడు 3ఎక్స్. చదువు మధ్యలో మానేసిన మనిషి, జైలుకెళ్ళొచ్చిన మనిషి, కూర్చుని ఒక కాగితం మీద తప్పులేకుండా రాయడం, ఆ కాగితంతో యజమాని పేరు వదిలించుకోవడం. దాని బలం నాకు తెలుస్తుంది. అయితే తెల్లవాళ్ళంతా పుట్టుకతోనే సైతానులన్న సిద్ధాంతం మాత్రం పీడించినవాడి తర్కాన్నే తిరగేసి తొడుక్కోవడం. ఆ సంస్థలో పేరున్న బోధకుడు మాల్కం ఎక్స్ 1964 మార్చిలో దాన్ని వదిలి, ఏప్రిల్‌లో హజ్‌కు వెళ్ళి, అన్ని రంగుల ముస్లింలతో ఒకే పళ్ళెంలో తిన్నాక ఆ సిద్ధాంతం వదిలేశాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 21న ఆయన్ని చంపేశారు. 1975లో సంస్థ నాయకుడు ఎలైజా ముహమ్మద్ పోయాక ఆయన కొడుకు వారిస్ దీన్ మొహమ్మద్ అనుచరుల్లో ఎక్కువమందిని సున్నీ ఇస్లాంలోకి నడిపించాడు. నల్లతనం మీద కట్టిన విశ్వాసం విశ్వాసాన్నే ముఖ్యం చేసుకుంటే నల్లతనం ఏమవుతుందన్నది ఆ ఇళ్ళల్లో ఇప్పటికీ మాట్లాడుకునే ప్రశ్నే.

ఇక అలబామా రాష్ట్రంలోని మాంట్‌గమరీ. 1955 డిసెంబరు 1న బస్సులో తెల్లవాడికి సీటు వదలనందుకు అరెస్టయిన రోజా పార్క్స్ ఏఎంఈ సభ్యురాలే. ఆ రాత్రే కాలేజీ అధ్యాపకురాలు జో ఆన్ రాబిన్సన్ సైక్లోస్టైల్ యంత్రం మీద వేల కొద్దీ కరపత్రాలు తీయించింది. డిసెంబరు 5 నుంచి 381 రోజులు జనం బస్సెక్కలేదు. దీన్ని నడిపింది ఉపన్యాసాలనుకుంటారు. నడిపింది రవాణా ఏర్పాటు. సుమారు 300 సొంత కార్లు, ఊళ్ళో నలభైకి పైగా ఎక్కే చోట్లు, దిగే చోట్లు. తర్వాత స్టేషన్ వ్యాగన్లు కొని చర్చిల పేర్ల మీద రిజిస్టరు చేశారు. పక్కన చర్చి పేరు రాసి ఉండేది కనుక జనం వాటిని చక్రాల చర్చిలన్నారు. వాటిని ఆపడానికి దెబ్బ ఎక్కడ పడిందో తెలుసా? బీమా మీద. స్థానిక కంపెనీలు పాలసీలు రద్దు చేస్తూ పోయాయి. బీమా లేని బండి రోడ్డెక్కదు. చివరికి లండన్ లాయిడ్స్ ద్వారా బీమా తెచ్చుకున్నారు.

చర్చే ఎందుకు? జవాబు చాలా మామూలుది. నల్ల టీచరు జీతం ప్రభుత్వ స్కూలు బోర్డు చేతిలో ఉంది, మాట్లాడితే ఉద్యోగం ఊడుతుంది. పాస్టరు జీతం సంఘం కానుకల్లోంచి వస్తుంది, తెల్లవాడు ఆపలేడు. మీటింగుకు హాలు కావాలంటే ఎవరూ ఇవ్వరు, చర్చి తాళం తమ దగ్గరే ఉంది. 1956 జూన్‌లో అలబామాలో కోర్టు నల్లవారి హక్కుల సంస్థ ఎన్ఏఏసీపీ కార్యకలాపాలను ఆపేస్తే, వారం తిరక్కుండానే బర్మింగ్‌హామ్‌లో పాస్టరు ఫ్రెడ్ షటిల్స్‌వర్త్ చర్చిలో జనాన్ని కూడగట్టి కొత్త సంస్థ పెట్టాడు. సంఘాన్ని నిషేధించినంత తేలిగ్గా ఆదివారం ఆరాధనను నిషేధించలేరు కదా. అందుకే శత్రువులు బాంబులు పెట్టింది చర్చిలకు, పాస్టర్ల ఇళ్ళకు. 1963 సెప్టెంబరు 15న బర్మింగ్‌హామ్ సిక్స్‌టీన్త్ స్ట్రీట్ చర్చిలో బాంబు పేలి చనిపోయిన నలుగురూ ఆడపిల్లలు. అలాగని నల్ల చర్చిలన్నీ ఉద్యమంలో దిగాయనుకోకండి. చాలా చర్చిలు తలుపులు మూసుకున్నాయి. నల్ల బాప్టిస్టుల సమాఖ్య నేషనల్ బాప్టిస్ట్ కన్వెన్షన్ నాయకత్వానికి వీధి పోరాటం నచ్చలేదు. ఆ తగువుతోనే 1961లో దాన్నుంచి ప్రోగ్రెసివ్ నేషనల్ బాప్టిస్ట్ కన్వెన్షన్ చీలి వేరుపడింది. మార్టిన్ లూథర్ కింగ్ చీలినవాళ్ళ వైపున్నాడు.

ఇప్పటి స్థితి. అమెరికా పరిశోధన సంస్థ ప్యూ 2021లో ప్రచురించిన సర్వేలో 8,660 మంది నల్ల వయోజనులను అడిగారు. దేవుణ్ణో ఒక పై శక్తినో నమ్ముతామన్నవారు 97 శాతం. ఏ మతానికీ చెందమన్నవారు 21 శాతం. ఈ రెండంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. దేవుడు పోలేదు, సభ్యత్వం పోతోంది. మధ్యతరగతి కుటుంబాలు నగరం నడిబొడ్డు నుంచి శివార్లకు మారాయి. వాషింగ్టన్‌లో పాత పేటల చర్చిలకు సభ్యులు ఆదివారం మేరీల్యాండ్ నుంచి కార్లలో వచ్చి రోడ్డు పక్క రెండు వరసల్లో నిలుపుతారు, పేటలోకి కొత్తగా వచ్చిన తెల్లవాళ్ళు పోలీసులకు ఫిర్యాదు చేస్తారు. ఒకప్పుడు నడిచి వచ్చిన చర్చికి ఇప్పుడు పార్కింగు పెద్ద సమస్య. స్థలం రేటు కోట్లకు చేరేసరికి అమ్ముకుని శివారుకు పోవాలా వద్దా అని సంఘాలు ఓట్లేసుకుంటున్నాయి.

డబ్బు దగ్గర నమ్మకం కూడా దెబ్బతింది. ఏఎంఈ పాస్టర్ల పదవీ విరమణ నిధిలో సుమారు 9 కోట్ల డాలర్లు లేవని 2021లో బయటపడింది. ముప్పై నలభై ఏళ్ళు పనిచేసి దిగిపోబోతున్న పాస్టర్ల ఖాతాల్లో మూడింట రెండు వంతులకు పైగా లేదు. కేసులు కోర్టుకెక్కాయి. వారానికి 3 షిల్లింగుల 9 పెన్నీలకు అన్ని షరతులు రాసుకున్నవాళ్ళ వారసులు ఇంత పెద్ద మొత్తం దగ్గర ఏళ్ళ తరబడి లెక్క సరిచూసుకోకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. తాళం మనదైతే చాలదు, పెట్టెలో ఏముందో ఏడాదికోసారైనా అందరి ముందూ తెరవాలి.

చివరగా వాషింగ్టన్‌లో ఎం స్ట్రీట్ మీదున్న మెట్రోపాలిటన్ ఏఎంఈ చర్చి. బానిసత్వం మీద పోరాడిన నల్ల నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ అంత్యక్రియల ఆరాధన 1895లో జరిగింది ఇక్కడే. 2020 డిసెంబరు 12 రాత్రి ప్రౌడ్ బాయ్స్ అన్న తెల్ల దురహంకార ముఠా కంచె దూకి, చర్చి ముందున్న బ్లాక్ లైవ్స్ మ్యాటర్, అంటే నల్లవారి ప్రాణాలకూ విలువుంది అన్న బోర్డును పీకి విరిచేసింది. చర్చి మళ్ళీ బోర్డు పెట్టింది, కాపలాకు డబ్బు ఖర్చుపెట్టింది, దావా వేసింది. 2023లో కోర్టు పది లక్షల డాలర్లకు పైగా పరిహారం కట్టమంది. వాళ్ళు కట్టలేదు. కట్టనివాడి ఆస్తి జప్తుకు పోవచ్చు కదా, వీళ్ళకున్న ఆస్తుల్లో ఒకటి ఆ పేరు మీదున్న ట్రేడ్‌మార్కు. చర్చి లాయర్లు దాన్నే అడిగారు. 2025 ఫిబ్రవరిలో జడ్జి ఆ పేరును, గుర్తును చర్చికి రాసిచ్చింది. ఇప్పుడు చట్టప్రకారం ప్రౌడ్ బాయ్స్ అన్న అక్షరాలతో ఒక టీషర్టు అమ్మాలన్నా ఎం స్ట్రీట్‌లోని ఆ నల్లవారి సంఘాన్ని అడగాలి.